కోదండం దాచిన సీసా

చీరాలలో కోదండం అనే దర్జీ ఉండేవాడు. మంచి పనిమంతుడే కానీ, ఎవరైనా తప్పుపడతారనిపిస్తే చాలు, నిజం దాచేసేవాడు.

అతని ఆరేళ్ల కూతురు చంద్రికకు మూర్ఛ జబ్బు. రోజుకు ఇరవైసార్లు ఫిట్స్ వచ్చేవి. మందులు మూడుసార్లు మార్చినా గుణం కనిపించలేదు. చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ, పాత మాత్ర ఆపకుండానే, కొత్తగా ఒక నూనె మందు రాసింది.

"ఇది గంజాయి మొక్క నుంచి తీసిందే. మత్తెక్కించేది తీసేసి, శుద్ధి చేసిన మందు. కొలత తప్పకూడదు. దీంతోపాటు ఇంకేం వాడినా నాకు చెప్పాలి," అంది.

కోదండం తలూపాడు. కానీ అప్పటికే అతను ఎవరో తెలిసినాయన దగ్గర అదే మొక్క నూనె అంటూ ఒక సీసా తెచ్చాడు. దాని మీద పేరు లేదు, కొలత లేదు. భార్య కనకకు కూడా చెప్పకుండా పాపకు పడుతున్నాడు. చెబితే డాక్టరమ్మ తిడుతుందని నోరు విప్పలేదు. రెండూ ఇస్తే జబ్బు ఇంకా త్వరగా పోతుందని ఆశపడ్డాడు.

రెండు వారాల్లో ఫిట్స్ బాగా తగ్గాయి. మూడో వారం ఒకరోజు మధ్యాహ్నం చంద్రిక అన్నం ముద్ద నోట్లో ఉండగానే నిద్రలోకి జారిపోయింది. ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"ఇంకేమైనా ఇచ్చారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ," అన్నాడు కోదండం.

"అయితే కొత్త మందు ఈ పాపకు సరిపడటం లేదు. ఆపేద్దాం."

"మళ్లీ రోజుకు ఇరవైసార్లేనా అమ్మా?" అంటూ కనక ఏడ్చేసింది.

డాక్టరమ్మ కాగితం మీద రాయబోతుంటే, "ఆగండమ్మా! తప్పు మందుది కాదు, నాది," అని కోదండం సీసా సంగతి చెప్పేశాడు.

ఆమె తిట్టలేదు. "మాత్రతోపాటు రెండు నూనెలు కలిసి పాపను మత్తులో ముంచేశాయి. ఆ సీసా ఇక ముట్టుకోకండి," అంది. పాప తేరుకున్నాక ఇవ్వమని, కొత్త మందు కొలత తగ్గించి మళ్లీ రాసింది.

ఆసుపత్రిలో మూడో రోజు చంద్రిక కళ్లు తెరిచి మజ్జిగన్నం అడిగింది. కనక మాత్రం భర్తతో వారం దాకా మాట్లాడలేదు. ఫిట్స్ పూర్తిగా పోలేదు కానీ, రోజుకు రెండు మూడింటికి తగ్గాయి.

నీతి: వైద్యం చేసేవారి దగ్గర నిజం దాస్తే, ఆ దాపరికానికి శిక్ష అనుభవించేది రోగి.