పళ్ళచక్రం మీద బొట్టు

పరాంకుశం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు అడిగిన ప్రశ్న ఊరికే తోచి అడిగింది అయితే వెంటనే జవాబు చెప్పి పంపేవారు. అది అడిగినవాణ్ణి నిజంగా కాలుస్తున్న ప్రశ్న అని తోస్తే మాత్రం జవాబు చెప్పేవారు కాదు. “రేపు నీ పని ఏమిటి, నాయనా?” అని అడిగేవారు. మరునాడు ఆ పని జరిగే చోటికే వెళ్ళి కూర్చునేవారు.

వీరభద్రం అడిగింది ఆ రెండో రకం ప్రశ్న. అతను రేపల్లెలో సొంత కారు నడుపుకొని బతికేవాడు. గురువుగారి ముందు మాట ఇచ్చి తాగుడు మానేశాడు. చాలా నెలలు ఆ మాట మీద నిలబడ్డాడు. తర్వాత మేనమామ కొడుకు పెళ్ళిలో, నలుగురూ బలవంతం చేశారని, ఒక రాత్రి తాగాడు. రెండు రోజులు ముఖం చాటేసి, మూడోనాడు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. “గురువుగారూ, మాట తప్పినవాడు మళ్ళీ అదే మాట పట్టుకోవచ్చా? పట్టుకున్నా దానికి విలువ ఉంటుందా? ఉండదంటే చెప్పండి, ఇక నేను పాకులాడను” అన్నాడు. తాగుడు ఒక ఇంటిని లోపలినుంచి ఎలా తినేస్తుందో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ ప్రశ్న తేలికైనది కాదు. గురువుగారు మాత్రం “రేపు నీ పని ఏమిటి?” అన్నారు. “బండికి టైమింగ్ చైను మార్చాలండి, ఇంటి దగ్గరే” అన్నాడు వీరభద్రం.

మరునాడు పొద్దున గురువుగారితో పాటు నేనూ వెళ్ళాను. వీరభద్రం కారు నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన పాత బండి. కొంతకాలంగా స్టార్టు చేయగానే లోపల గొలుసు గలగలమని కొట్టుకుంటోంది. వీరభద్రం తన బండిని ఇంకొకరి చేతికి ఇవ్వడు. ఇంటి ముందు రేకుల పందిరి కింద ఇంజను ముందు భాగం విప్పి, విడిభాగాలన్నీ పాత దుప్పటి మీద వరుసగా పరిచాడు. గురువుగారికి కుర్చీ వేసి, తనకు తెలిసినంతలో వివరించాడు. ఇంజనులో కింద ఒక పళ్ళచక్రం, పైన ఒక పళ్ళచక్రం ఉంటాయి. చైను ఆ రెంటినీ కలిపి తిప్పుతుంది. చక్రం మీది గుర్తుకు చైను మీద రంగు వేసిన లంకె సరిగ్గా ఎదురుగా రావాలి. ఒక్క పన్ను తప్పినా, పైనున్న వాల్వులు దిగే వేళకు కిందినుంచి పిస్టన్లు వచ్చి తగులుతాయి. “అందుకని తాళం తిప్పే ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి చూసుకోవాలండి. చేత్తో తిప్పితే తగిలినచోట ఆగుతుంది. తాళంతో తిప్పితే ఆగదు, వాల్వు వంగుతుంది.”

పై చక్రం మీద కంపెనీవాళ్ళు కొట్టిన చిన్న గుంట జిడ్డులో పూడిపోయి కనబడలేదు. అందుకని విప్పేముందే అతను భార్య గోళ్ళ రంగు అడిగి తెచ్చి ఒక పన్ను మీద ఎర్ర చుక్క పెట్టుకున్నాడు. విప్పాక చక్రాన్ని పెట్రోలుతో రుద్ది కడిగి, ఆరబెట్టి, మమ్మల్నీ తీసుకొని అన్నానికి లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చి ఎర్ర చుక్క చూసుకొని, దానికి ఎదురుగా లంకె పెట్టి, కొత్త చైను ఎక్కించాడు. కింద పానా వేసి చేత్తో తిప్పసాగాడు. అర చుట్టు కూడా తిరగకముందే టక్కుమని ఆగిపోయింది.

“తగులుతోంది” అన్నాడు.

గడప మీద నిలబడ్డ భార్య సామ్రాజ్యం ఊరుకోలేదు. “పెళ్ళిలో పోసిన బావమరుదులు ఏరీ? పిలవరాదూ, వాళ్ళొచ్చి బిగిస్తారు!” అంది.

వీరభద్రం మూలనున్న ఇనప గొట్టం తెచ్చి పానా పిడికి తొడిగాడు. గురువుగారు అడిగారు: “అది ఎందుకు, నాయనా?”

“బలం చాలట్లేదండి. ఇది తొడిగితే తిరుగుతుంది.”

“తిరిగితే?”

వీరభద్రం గొట్టం మీద చెయ్యి వేసి ఇంజనులోకి తొంగి చూశాడు. “ఏదో ఒకటి వంగుతుంది” అన్నాడు చివరికి. గొట్టం తీసి నేల మీద పెట్టాడు. పానా అవతల పడేసి, చేతులు తుడుచుకొని, వీధివైపు చూశాడు. వీధి చివర ఏ కొట్టు ఉందో అక్కడున్న అందరికీ తెలుసు. “నా చేతిలో ఏదీ నిలవదండి. బండీ అంతే, మాటా అంతే. కాసేపు అలా వెళ్ళొస్తా.”

సామ్రాజ్యం గుమ్మం దిగి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. అంతలో చప్పుడు విని అతని తల్లి వెంకాయమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ బయటికి వచ్చింది. ఇంజనులోకి తొంగి చూసి, “ఒరే భద్రీ, ఎందుకు ఆపావురా? నా బొట్టు చెదరలేదుగా?” అంది.

“ఏ బొట్టే?”

“శుక్రవారం కదరా. ఇనుమంతా అలా బోడిగా పరిచి పోయావు. అన్నిటికీ కుంకం పెట్టబోతే అంటక రాలిపోయింది. ఆ చక్రానికి మాత్రం నూనె వేలితో అద్దాను.”

వీరభద్రం టార్చిలైటు దగ్గరగా పెట్టి చూశాడు. గోళ్ళ రంగు పెట్రోలుతో పాటే ఎప్పుడో పోయింది. తాను గుర్తు అనుకున్నది తల్లి పెట్టిన బొట్టు. అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకొని నేల మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. “అమ్మా, ఇంజనుకు పెళ్ళిచూపులు చేశావా?” అన్నాడు. సామ్రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అతను తొందరపడలేదు. తిప్పినంత మేరా మెల్లగా వెనక్కి తిప్పాడు. చైను దించాడు. చక్రాన్ని ఎండలోకి తీసుకెళ్ళి, పళ్ళ సందుల్లో జిడ్డంతా పిన్నీసుతో గీకి, కంపెనీవాళ్ళ గుంట పట్టుకున్నాడు. అది బొట్టుకు మూడు పళ్ళ అవతల ఉంది. దానికి ఎదురుగా లంకె పెట్టి మళ్ళీ మొదటినుంచి బిగించాడు. పానా వేసి చేత్తో తిప్పాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఎక్కడా తగలలేదు. విప్పినవన్నీ బిగించి పొద్దు వాలే వేళకు తాళం తిప్పితే, ఇంజను ఒక్క గలగల లేకుండా అందుకుంది. వెంకాయమ్మ చేతులు జోడించి, “చూశావా, బొట్టు మహిమ!” అంది. ఎవరూ కాదనలేదు.

గురువుగారు లేచి కండువా భుజాన వేసుకున్నారు. వీరభద్రం నల్లగా జిడ్డయిన చేతులతోనే ఆయన వెంట వీధి దాకా వచ్చాడు. “గురువుగారూ, నిన్న నేనడిగినదానికి మీరేమీ చెప్పలేదు” అన్నాడు.

“పెళ్ళిలో తాగిన మర్నాడు నీకు లోపల ఏమైనా తగిలిందా?”

వీరభద్రం తల దించుకున్నాడు. “తగిలిందండి. గట్టిగానే.”

“అయితే ఇంకా ఏదీ వంగలేదు” అని గురువుగారు నడిచారు.