గవర్రాజు ప్లీజు

ఏమే బుజ్జులూ, తమ్ముడి చేతిలో గిలక్కాయ లాక్కుని 'ప్లీజ్ అన్నాగా' అంటావా? సిగ్గు లేదూ? వాడు ఇస్తానన్నాడా? ముందు వాడిది వాడికిచ్చి, ఇలా వచ్చి పడుకో. విను.

అనగనగా, కాలవ లాకుల పక్కన ఒక ఊళ్ళో గవర్రాజని ఒకడుండేవాడు. లాకుల బంగళాలో దొర దగ్గర పని చేసి వచ్చాడు. దొర 'ప్లీజ్' అంటే చాలు, పరుగున టీ తెచ్చేవాడు. అందుకని ఆ మాటంటే ఎవరైనా, ఏదైనా ఇచ్చి తీరాలనుకున్నాడు.

వానాకాలం దగ్గర పడింది. గవర్రాజు ఇంటి కప్పు చివికిపోయింది. అప్పుడు వడ్రంగి ఇంటికెళ్ళి 'ప్లీజ్' అని నిచ్చెన భుజాన వేసుకున్నాడు. "ఉండరా, నాకు పనుంది" అంటున్నా ఆగలేదు. ఆ తర్వాత గొల్లాయన పాకలో 'ప్లీజ్' అని తాడు విప్పుకున్నాడు. ఆ తాడుకున్న గేదె కాస్తా చేలో పడింది. ఆ తర్వాత సూరాలమ్మ వాకిట్లో తాటాకుల మోపు ఎత్తుకున్నాడు.

"ఒరేయ్, అవి నా కప్పుకిరా!"

"ప్లీజ్ అన్నాను కదత్తా!"

అన్నీ వచ్చాయి. కానీ ఒక్కడే కప్పు నేయలేడుగా? కింద నుంచి ఆకు అందించేవాళ్ళు కావాలి. అప్పుడు వీధిలో నిలబడి 'ప్లీజ్, ప్లీజ్' అని అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. నిచ్చెననంటే మోసుకుపోయాడు, మనుషుల్నెలా మోసుకుపోతాడు?

గవర్రాజుకి ఏమీ పాలుపోలేదు. మాట పాడైందా? దొర నోట్లోనే పని చేస్తుందా? బంగళాకి వెళ్ళి, వంట చేసే మస్తాను తాతని అడిగాడు.

"అది ఒకప్పుడు పెద్ద మాటరా. 'మీ మనసుకి నచ్చితే' అని. వాడి వాడి అరిగిపోయి ఆ ముక్క మిగిలింది."

"నచ్చకపోతే?"

"నోరు మూసుకుని తిరిగి రావాలి."

"మరి దొర అడిగినప్పుడల్లా నేను తెచ్చానే!"

"జీతగాడివి. కాదనగలవా?"

గవర్రాజు ఇంటిదారి పట్టాడు. ఎదుటివాడు కాదనే వీలుంటేనే అడగడమా? దారంతా అదే ఆలోచన. ఇల్లు చేరేలోపే వాన పట్టుకుంది. అతని ఇంటి మట్టిగోడలు కరిగి కాలవలోకి జారిపోయాయి.

అప్పుడు తాటాకులు నెత్తిన పెట్టుకుని సూరాలమ్మ ఇంటికెళ్ళాడు. ఆమె కింద నుంచి ఆకు అందిస్తే, తడుస్తూనే ఆమె కప్పు నేశాడు. ఆ తర్వాత అరుగు ముందు నిలబడి, "అత్తా, నీకిష్టమైతే ఇక్కడ కాస్త కూర్చోనా?" అన్నాడు.

జవాబుకి ఆగి వానలోనే నిలబడ్డాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా అరుగెక్కలేదు. చాలాసేపటికి ఆమె "కూర్చో" అంది.

కథ కంచికి పోయె,
కంటికి కునుకాయె,
జవాబుకి ఆగనోడి ఇల్లు
కాలవ నీళ్ళపాలాయె.