రాకుమారి పడుకున్న బొంత

ఏడు సముద్రాల అవతల, సూర్యుడు మనకన్నా ముందు నిద్రలేచే జపాను దేశంలో, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, మినాహో అనే రాకుమారి ఉండేది. ఏడుగురు అక్కచెల్లెళ్లలో ఆఖరుది. అందం అంతంతమాత్రం, పాట అసలే రాదు. కుట్టు మాత్రం వచ్చు.

కోట అవతల ఏరు, ఏటి అవతల ఒక పాక. ఒళ్లంతా పుళ్లు పడ్డవాళ్లని ఊరు వెళ్లగొడితే అక్కడ తలదాచుకునేవాళ్లు. మంచు కురిసేది, కురిసేది, కురుస్తూనే ఉండేది. వాళ్లకి కప్పుకోను గడ్డి తప్ప ఏమీ లేదు. ఆ సంగతి విన్నాక మినాహోకి అన్నం సహించలేదు. రాజముద్ర ఉన్న తన పట్టు అంగీలు విప్పదీసి, దూది కూరి, బొంత కుట్టి పంపింది.

మంచు కరిగాక చూడబోయింది. బొంత మడత నలగలేదు. ఎత్తుగా బల్లమీద పెట్టి, అగరొత్తులు వెలిగించి, రోజూ మొక్కుతున్నారు. చలికి ఇద్దరు పోయారు. చేతిలో వెన్న పెట్టుకుని నేతికి ఏడ్చినట్టుంది వాళ్ల పని.

"రాజముద్ర మీదికి కాళ్లు చాపుతామా తల్లీ? కళ్లు పోవూ?" అంది పాకలో అందరికీ పెద్దదిక్కయిన ఒతోమి ముసలమ్మ.

రెండో చలికాలం ముద్ర లేని నూలుబొంత పంపింది. మంచు కురిసింది, కురిసింది, కురుస్తూనే ఉంది. ఆ బొంతా బల్లెక్కింది. ఈసారి ఒతోమి చెల్లెలు పోయింది.

"ముద్ర లేకపోతేనేం తల్లీ, కుట్టింది తమరి చేతులే కదా," అంది ఒతోమి. మినాహో ఏడ్చింది. తప్పు వాళ్లది కాదని ఆమెకి తెలుసు.

మూడో చలికాలం, మిట్టమధ్యాహ్నం, బొంత భుజాన వేసుకుని తనే నడిచొచ్చింది. నేలమీద పరిచి, కింద దూరి పడుకుంది. అందరూ బిత్తరపోయి తలలు నేలకి ఆనించారు.

"కాళ్లు చల్లబడుతున్నాయి అవ్వా. నువ్వూ రా."

"మా పుళ్లు తమరికి అంటుతాయి తల్లీ."

"అంటనీ."

ఒతోమికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాళ్లు పెడితే పాపం, రాకుమారి మాట కాదంటే అంతకన్నా పాపం. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని కాళ్లు లోపలికి జరిపింది. కళ్లు పోలేదు.

"వెచ్చగా ఉంది," అంది. అంటూనే చెల్లెలు గుర్తొచ్చి భోరుమంది.

తర్వాత ఒక్కొక్కరే దూరారు. ఎంతమంది దూరితే బొంత అంత పెరిగిందట. నేను చూడలేదు, మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడా చూడలేదు. బయట మంచు కురుస్తుంటే లోపల అందరూ ఒకే కల కన్నట్టు నిద్రపోయారు. ఆ చలికాలం ఎవరూ పోలేదు.

ఆనాటి నుంచి ఏ బొంత కుట్టినా మినాహో ముందు తను పడుకుని, వెచ్చబెట్టి ఇచ్చేది. కొన్నేళ్లకి ఆ జబ్బు ఆమెకీ అంటింది. ఆ పాకలోనే కన్నుమూసింది. ఆమెకి ఆఖరి బొంత కప్పే ముందు, ఒతోమి దాని కింద చాలాసేపు పడుకుంది.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున రోగికి కొత్త బొంత ఇచ్చేవాళ్లు ముందు తాము కాసేపు పడుకుంటారట. రోగి అడుగుతాడు: "రాకుమారి పడుకుందా?"

"ఇప్పుడే లేచి వెళ్లింది. చూడు, ఇంకా వెచ్చగానే ఉంది," అంటారు.