చుక్కమ్మ చెప్పిన మూడు సాకులు

అనగనగా ఒక అడవిలో, ఆడుకోవడానికి ఒక చోటంటూ లేని పిల్లలు బోలెడుమంది ఉండేవాళ్ళు. ఏనుగు పిల్లలు, ఎలుగు పిల్లలు, కోతి పిల్లలు, అడవిపంది పిల్లలు. పిల్లల కాళ్ళు ఊరుకుంటాయా? ఎక్కడ పడితే అక్కడే ఆట. ఒకరోజు అడవిపంది పిల్ల ఒకడు వాగు గట్టు మీద పల్టీలు కొడుతూ కొడుతూ పోయి నీళ్ళలో పడ్డాడు. ఏనుగు మామ అక్కడే ఉండి తొండంతో పైకి లాగాడు కాబట్టి సరిపోయింది.

ఆ మర్నాడే పెద్దవాళ్ళంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. రేగుపొదల పక్కనున్న పెద్ద బయలును పిల్లలకే వదిలేద్దాం. అక్కడ ఊయలలు కడదాం, జారుడుబండ పెడదాం, పొర్లడానికి ఒక బురదగుంట తవ్వుదాం. పని చూసుకునే బాధ్యత నీలప్పకు అప్పగించారు. నీలప్ప మనుబోతు. మనిషి మంచివాడే, అదే, మనుబోతు మంచివాడే. కాకపోతే ఒక పని నెత్తికెత్తుకున్నాడంటే మేత సంగతి కూడా మర్చిపోయే రకం. అప్పటికప్పుడే కొమ్ముతో నేల మీద గీతలు గీసి, ఏది ఎక్కడ రావాలో చూపించాడు.

"పడమటి మూల ఊయలలు. సరేనా?" అన్నాడు.

అందరూ సరే అన్నారు. చుక్కమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

చుక్కమ్మ తాబేలు. నీళ్ళలో ఉండే రకం కాదు, మెట్ట మీద తిరిగే రకం. డిప్ప మీద పసుపు రంగు చుక్కలు మెరుస్తుంటాయి, అందుకే ఆ పేరు. చలి మొదలవకముందు ఆవిడ సరిగ్గా ఆ పడమటి మూలలోనే మూడు గుడ్లు పెట్టింది. వెనక కాళ్ళతో గుంట తీసి, గుడ్లు దింపి, మట్టి కప్పి, ఆ పైన పొట్టతో దబదబా మోది నేలను చదును చేసింది. పక్కనే నిలబడి చూసినా అక్కడ గుడ్లున్నాయని ఎవరూ చెప్పలేరు. తొలకరి జల్లు పడిందంటే చాలు, పిల్లలు మట్టి తోసుకుని పైకి వచ్చేస్తారు. అంటే ఇంకో రెండు నెలలు.

మరి ఆ ముక్క చెప్పేయొచ్చు కదా అంటారా? అక్కడే ఉంది చిక్కంతా. తాబేళ్ళ ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. గుడ్లు పెట్టిన చోటు ఎవ్వరికీ చెప్పరు. కట్టుకున్నవాడికి కూడా చెప్పరు. చుక్కమ్మ వాళ్ళమ్మ చెప్పలేదు, అమ్మమ్మ చెప్పలేదు. ఎందుకంటే ఆ అడవిలో గుడ్లంటే చెవి కోసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరిలో ముందుండేవాడు గరుకయ్య.

గరుకయ్య ఉడుము. నిరుడు చుక్కమ్మ నాలుగు గుడ్లు పెడితే ఎవరో తవ్వుకుని తినేశారు. ఒక్కటీ మిగల్లేదు. ఎవరు తిన్నారో చూసినవాళ్ళు లేరు గానీ, ఆ గుంట చుట్టూ ఉన్నవి ఉడుము గోళ్ళ గుర్తులే. ఇప్పుడు ఊయల గుంజలు పాతడానికి గుంతలు తవ్వే పనికి కుదిరింది కూడా ఆ గరుకయ్యే. అదిగో, ముందు వరసలోనే కూర్చుని గోళ్ళు నూరుకుంటున్నాడు.

చెబితే గరుకయ్య తింటాడు. చెప్పకపోతే పిల్లల కాళ్ళ కింద పడి నలిగిపోతాయి. చుక్కమ్మ మెడ లోపలికి లాక్కుంది. మళ్ళీ బయటికి చాపింది. ఏం చెయ్యాలో పాలుపోక చివరికి ఒక సాకు వెతికింది.

"నీలప్పన్నా, ఆ మూల ఒకటే ఎండ. పసిపిల్లలు మాడిపోతారు. తూర్పు వైపు నీడ ఉంది, అక్కడ కట్టరాదా?" అంది.

నీలప్ప ఆలోచించాడు. ఆలోచించేసరికి ముఖం వెలిగిపోయింది.

"భలే గుర్తు చేశావు చుక్కమ్మక్కా. ఎండ తగిలే చోటయితే వాన పడ్డాక తొందరగా ఆరుతుంది. జారుడుబండకు అలాంటి చోటే కావాలి. అదీ అక్కడే పెట్టేద్దాం" అన్నాడు.

చూశారా? అంతవరకు ఊయలలే అనుకున్నారు, ఇప్పుడు జారుడుబండ కూడా వచ్చి చేరింది. చుక్కమ్మ నాలుక కరుచుకుంది. ఆ రోజంతా ఒక్క ఆకు కూడా కొరకలేదు.

నాలుగు రోజులకు మళ్ళీ కూర్చున్నారు. చుక్కమ్మ ఈసారి ఇంకో సాకు ఆలోచించుకుని వచ్చింది. దారి పొడుగునా దాన్ని వల్లె వేసుకుంది. వచ్చేసరికి సభలో సగం మాటలు అయిపోయాయి గానీ, ఆవిడ నడక సంగతి తెలిసిందే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

"అన్నా, ఆ పడమటి మూల నేలంతా చీమలు. పిల్లల్ని పీక్కు తింటాయి" అంది చుక్కమ్మ.

అందరూ నీలప్ప వైపు చూశారు. నీలప్ప నోరు తెరిచేలోగానే వెనక నుంచి ఎలుగు బావ లేచాడు. చీమల మాట వినగానే అతనికి నోట్లో నీళ్ళూరాయి.

"చీమలా? ఈ మాట ఇన్నాళ్ళూ దాచావేం చుక్కమ్మా? పిల్లలకు ఆ భయం అక్కర్లేదు. పని మొదలుపెట్టే రోజు నేనే వచ్చి, ఆ మూలంతా జానెడు లోతు పెళ్ళగించి, చీమలన్నింటినీ నాకి పారేస్తాను" అన్నాడు.

"ఇంత చిన్న పనికి నీకెందుకు శ్రమ బావా" అని చుక్కమ్మ నసిగింది.

"శ్రమేముంది, భోజనమేగా" అన్నాడు ఎలుగు బావ.

అంతా నవ్వారు. చుక్కమ్మ కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. లోపల మాత్రం ఏడుపొక్కటే తక్కువ. గుడ్లు జానెడు లోతులోనే ఉన్నాయి మరి.

మూడోసారి కూర్చున్న రోజు నీలప్ప అన్నీ తేల్చేశాడు. ఊయలలకు ఊడలు వచ్చాయి, గుంజలు వచ్చాయి, జారుడుబండకు నున్నటి రాయి దొరికింది. "రేపు పొద్దున్నే పని మొదలు. ఇంకా ఎవరికైనా ఏమైనా కావాలా?" అని అడిగాడు.

చుక్కమ్మకు ఇక దారి కనిపించలేదు. గరుకయ్య వైపు ఒకసారి చూసింది. అతను నాలుక బయటికి పెట్టి లోపలికి తీస్తున్నాడు. ఉడుములు ఊరికే కూర్చున్నా అలాగే చేస్తాయి గానీ, చుక్కమ్మకు ఆ నాలుక తన గుడ్ల కోసమే కదులుతున్నట్టు అనిపించింది. అసలు మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. దాని బదులు మూడో సాకు బయటపడింది.

"ఆ మూల నేల మరీ మెత్తన అన్నా. గుంజలు నిలవ్వు. పిల్లలు ఊగుతుంటే ఊడి పడతాయి" అంది.

నీలప్ప నిజంగానే కంగారుపడ్డాడు. పిల్లలకు దెబ్బ తగులుతుందంటే అతను తట్టుకోలేడు. వెంటనే ఏనుగు మామ వైపు తిరిగాడు.

"మామా, పొద్దున్నే అందరికంటే ముందు నువ్వు రావాలి. ఆ మూలంతా బాగా తొక్కి గట్టి చెయ్యాలి" అన్నాడు.

"దానికేం భాగ్యం. ఏడు చుట్లు తొక్కుతాను. రాయిలా అయిపోతుంది" అన్నాడు ఏనుగు మామ.

సభ అయిపోయింది. అందరూ ఇళ్ళకు పోయారు. చుక్కమ్మ ఇంటికి పోలేదు. మెల్లగా నడుచుకుంటూ పోయి, పడమటి మూలలో తన గుడ్ల మీద కూర్చుంది. తన నోటితోనే ఏనుగు కాలిని ఇంత దూరం తెచ్చుకుంది. ఒక్క సాకూ అడ్డం పడలేదు. ఒకదాని తర్వాత ఒకటి ఆపదను ఇంకా దగ్గరికి లాక్కొచ్చాయి.

తెల్లారింది. ఏనుగు మామ వచ్చాడు. ఆయన వెనక నీలప్ప, ఎలుగు బావ, గరుకయ్య, ఇంకా అడవిలో సగంమంది వచ్చారు. పిల్లలయితే చెప్పక్కర్లేదు, కోతి పిల్లలు అప్పుడే ఊడలకు వేలాడుతున్నారు.

"చుక్కమ్మా, కాస్త పక్కకు జరుగు తల్లీ. తొక్కాలి" అన్నాడు ఏనుగు మామ.

చుక్కమ్మ జరగలేదు.

"నెమ్మదిగానే జరుగులే, నేను ఆగుతాను" అని ఆయన ఎత్తిన కాలు అలాగే గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాలి నీడ చుక్కమ్మ డిప్ప మీద పడింది. ఇంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని, తనకోసం ఒంటి కాలు ఎత్తుకుని ఓపిగ్గా ఆగాడే ఈయన అనుకునేసరికి చుక్కమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇంకో సాకు చెప్పాలనిపించలేదు.

"నా కింద మూడు గుడ్లున్నాయి మామా" అంది.

ఏనుగు మామ ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి తీసి, చూసుకుని చూసుకుని, దూరంగా పెట్టాడు.

"మాడిపోయేంత ఎండ లేదు, చీమలు లేవు, నేల మెత్తనా కాదు. అన్నీ అబద్ధాలే చెప్పాను. పెట్టిన గుడ్లను కదిలిస్తే లోపలి పిల్ల బతకదు. నిరుడు నాలుగు పోయాయి. ఈ మూడూ పోతే నేను తట్టుకోలేను" అంది చుక్కమ్మ. అని, గరుకయ్య వైపు చూసింది. ఆవిడ చూసిందని అందరూ గరుకయ్య వైపు చూశారు.

గరుకయ్య ఇబ్బందిగా కదిలాడు. "నిరుటి సంగతి నాకేం తెలీదు" అన్నాడు. ఎవరూ అడగలేదు పాపం, తనే చెప్పాడు. ఇంకా అందరూ చూస్తూనే ఉండేసరికి గోళ్ళు పొట్ట కింద దాచుకున్నాడు.

"మీ చూపులు నాకు అర్థమవుతున్నాయి" అన్నాడు మళ్ళీ. "నిన్నటిదాకా ఈ గుడ్ల సంగతి ఎవరికీ తెలీదు. పోయినా ఎవరు తిన్నారో తేలేది కాదు. ఇప్పుడు అడవి అడవంతటికీ తెలుసు. ఇక నక్క తిన్నా, గద్ద ఎత్తుకుపోయినా నా మీదికే వస్తారు. నా కర్మ. తొలకరిదాకా వీటికి నేనే కాపలా కాయాలి."

ఎలుగు బావ పకపకా నవ్వాడు. చుక్కమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ తనను కాపాడుతుందనుకున్న మౌనమే గరుకయ్యకు ధైర్యమిచ్చిందన్న సంగతి ఇప్పుడు అర్థమైంది. ఒక్కరికి తెలిస్తే ప్రమాదం, అందరికీ తెలిస్తే రక్షణ. అమ్మమ్మకు ఈ మాట ఎవరూ చెప్పినట్టు లేరు.

అంతలో వెనక నుంచి ముళ్ళపంది వదిన గొంతు సవరించుకుంది.

"అయితే నేనూ ఒకటి చెప్పాలి. బురదగుంట తవ్వుతామన్నారే, దాని కిందే మా ఇంటి వెనక దారి ఉంది" అంది.

"మరి ముందే చెప్పలేదేం వదినా?" అన్నాడు నీలప్ప.

"అందరికీ చెప్పుకుంటే అది వెనక దారి ఎలా అవుతుంది?" అంది ముళ్ళపంది.

ఆ తర్వాత తీతువు పిట్ట, ఉత్తరం గట్టున గులకరాళ్ళ మధ్య తన గూడు ఉందని చెప్పింది. నీలప్ప నాలుగు కాళ్ళూ మడిచి నేల మీద కూలబడ్డాడు.

"మూడుసార్లు అందర్నీ పిలిచాను. మూడుసార్లూ అడిగాను. ఒక్కరూ చెప్పలేదే" అన్నాడు.

"ఏం కావాలి అని అడిగావు నాయనా. ఎవరికి ఏం పోతుందని అడగలేదు" అంది ముళ్ళపంది మెత్తగానే.

"తప్పంతా నీదే కాదన్నా. అడగకపోయినా నేను చెప్పాల్సింది" అంది చుక్కమ్మ.

నీలప్ప లేచి, కాలితో పాత గీతలన్నీ చెరిపేశాడు. ఆశ్చర్యం ఏమిటంటే అతని ముఖంలో విసుగు లేదు. ఏనుగు కాలు ఇంకొక్క జానెడు దిగి ఉంటే ఏమయ్యేదో అతనికి తెలుసు. "ఇంకా నయం, గుంజలు పాతలేదు" అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు ఎవరినీ పిలవలేదు. తనే ఒక్కొక్కరి గుమ్మానికీ, బొరియకూ, చెట్టుకూ తిరిగి అడిగి వచ్చాడు. ఆ తర్వాతే కొమ్ము నేల మీద పెట్టాడు.

ఊయలలు తూర్పు నీడలోకి పోయాయి. జారుడుబండ దక్షిణం వైపు వాలులో కుదురుకుంది. బురదగుంట వాగు పక్కన, నీళ్ళు మోకాలి లోతు మించని చోట తవ్వారు. తీతువు గూడున్న ఉత్తరం గట్టు జోలికి పోలేదు. పడమటి మూల చుట్టూ రేగుకంప నాటారు. పిల్లలకు ఆ కంచె కూడా ఆటలో భాగమైపోయింది. దాగుడుమూతల్లో అటు వెళ్ళినవాడు ఆటలోంచి అవుట్ అని వాళ్ళే పెట్టుకున్నారు. గరుకయ్య కంచె ముందు పడుకుని, వచ్చేపోయే నక్కల మీద బుసలు కొడుతూ మహా విసుగ్గా రోజులు లెక్కపెట్టాడు.

తొలకరి రానే వచ్చింది. జల్లు ఆగీ ఆగగానే గరుకయ్య పరుగు పరుగున చుక్కమ్మ ఇంటికి వచ్చాడు.

"నీ పిల్లలు మట్టి తోసుకుని వచ్చేస్తున్నారు. తొందరగా వచ్చి లెక్క చూసుకో. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు రొప్పుతూ.

చుక్కమ్మ తొందరగానే బయల్దేరింది, అంటే తనకు వచ్చినంత తొందరగా. వెళ్ళేసరికి కంచె చుట్టూ పిల్లలంతా మూగి ఉన్నారు. రేగుకంప లోపల ఒకడు, పక్కనే ఇంకొకడు, ఇద్దరూ రేగుపండంత తలలు బయటికి పెట్టి చూస్తున్నారు. మూడోవాడు కనిపించలేదు. కొద్దిసేపటికి తడిమట్టి ఒకచోట కదిలింది. ఒక చిన్న ముక్కు బయటికొచ్చింది. ఆ వెనకే, పసుపు చుక్కలున్న తడి తడి బుల్లి డిప్ప.

"మూడు" అన్నాడు గరుకయ్య, చుక్కమ్మ కంటే ముందుగా.

ఏనుగు పిల్లలు కేరింతలు కొట్టారు. నీలప్ప రేగుకంప ఒక పక్క తీసి దారి చేశాడు. చుక్కమ్మ పిల్లలు ముగ్గురూ ఆ దారిలో బయటికి వచ్చి, జారుడుబండ వైపు నడక మొదలుపెట్టారు. చేరేసరికి సాయంత్రం అవుతుందని అందరికీ తెలుసు, అయినా ఎవరూ తొందరపెట్టలేదు. చుక్కమ్మ వాళ్ళను చూస్తూ మెడ పూర్తిగా బయటికి చాపి, ఎన్నాళ్ళ నుంచో లోపల బిగబట్టి ఉంచిన ఊపిరిని హాయిగా వదిలింది.

నీతి: నలుగురి కోసం ఏదైనా కట్టేటప్పుడు ఎవరికి ఏం కావాలో అడిగినట్టే ఎవరికి ఏం పోతుందో కూడా అడగాలి, అడగకపోయినా, సాకులు మాని మన అసలు బాధను నలుగురిలో చెప్పుకోవాలి.