మూడో పిలుపు

అనగనగా జపాను దేశంలో, బాగా ఉత్తరాన, సముద్రపొడ్డున ఒక ఊరు. అక్కడ మంచు పడుతుంది. మంచంటే మన దగ్గర తెల్లారగట్ల పట్టే పొగమంచు కాదమ్మడూ, దూది ఏకి పోసినట్టు రోజుల తరబడి కురిసే మంచు. చలికాలం వస్తే పడవల్ని ఒడ్డుకు లాగి కట్టేసేవాళ్ళు. చూరు కింద చేపలు వేలాడదీసేవాళ్ళు. ఇంటికప్పు మీద మంచు పేరుకుంటే ఇల్లు కూలిపోతుంది కదా, అందుకని పైకెక్కి పారలతో కిందికి తోసేవాళ్ళు.

ఆ ఊళ్ళో గెంజో, తోకిచి అని ఇద్దరు అన్నదమ్ములు. పేర్లకి నవ్వొస్తోందా? నవ్వుకో. పక్కపక్క ఇళ్ళు, ఇద్దరికీ ఒకటే పడవ. అమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి వీపున మోసి పెంచింది గెంజోనే.

ఒక చలికాలం తోకిచి తన కప్పు మీది మంచు తోశాడు. అది పోయి పోయి అన్న పెరట్లో ముల్లంగి ఊరేసిన పీపా మీద పడింది. పీపా పగిలిపోయింది. అది వాళ్ళమ్మ వాడిన పీపా.

"చూసుకోలేదన్నయ్యా" అన్నాడు తోకిచి నవ్వుతూ.

ఆ నవ్వు గెంజోకి గుచ్చుకుంది. "అమ్మ మొహం కూడా గుర్తులేనివాడివి, నీకేం తెలుస్తుందిలే" అనేశాడు. తోకిచి పార అక్కడే పడేసి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ తర్వాత మాటల్లేవు. పడవ కూడా వంతులేసుకున్నారు, ఒకరోజు ఇతను, ఒకరోజు అతను. రెండో చలికాలానికి గెంజో రెండిళ్ళ మధ్యా చెక్కలతో దడి కట్టేశాడు.

మూడో చలికాలం వచ్చింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున తోకిచి కప్పెక్కాడు. గెంజో ఇంట్లో కుంపటి మీద టీ నీళ్ళు పెట్టుకుని, చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. అప్పుడు దడి అవతల ధబ్బుమని చప్పుడైంది. ఆ వెనకే పిలుపు.

"అన్నయ్యా!"

రెండేళ్ళకి ఆ మాట విన్నాడు. వల కిందపెట్టాడు. కానీ లేవలేదు. పని పడితేగానీ అన్న గుర్తురాలేదా అనుకున్నాడు.

కాసేపటికి మళ్ళీ, "అన్నయ్యా..." ఈసారి గొంతు సన్నగా వచ్చింది. గెంజో బూట్లు తొడుక్కున్నాడు. ఇంకొక్కసారి పిలవనీ, వెళ్తాను అనుకున్నాడు. తలుపు వైపే చూస్తూ కూచున్నాడు.

టీ నీళ్ళు మరిగాయి. మరిగి మరిగి ఇగిరిపోయాయి. మూడో పిలుపు రాలేదు.

అప్పుడు పరిగెత్తాడమ్మా. దడిని కాలితో తన్ని కూల్చాడు. అవతల మంచు కుప్పలోంచి ఒక చెయ్యి మాత్రం కనపడుతోంది. పార తెచ్చుకోవాలని కూడా తోచలేదు. గోళ్ళు ఊడి నెత్తురు కారేదాకా చేతుల్తోనే తవ్వాడు.

తోకిచి బతికాడు. మంచుతో పాటు కప్పు మీంచి జారిపడి విరిగిన కాలు మాత్రం చలికి కొయ్యబారిపోయింది. వైద్యుడు మోకాలి దాకా తీసేశాడు.

స్పృహ వచ్చాక తోకిచి అన్న మొహంలోకి చూసి అడిగాడు, "నేను పిలిచింది వినపడిందా?"

గెంజోకి అబద్ధం నోటికి రాలేదు. "వినపడింది" అన్నాడు.

తోకిచి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఎన్ని చలికాలాలు వచ్చినా రెండు కప్పులూ గెంజోనే ఎక్కేవాడు. ముందు తమ్ముడిది, తర్వాత తనది. పట్టిన చేపల్లో మంచివి తెచ్చి తమ్ముడి గడపలో పెట్టేవాడు. తోకిచి కర్ర పట్టుకుని వచ్చి తలుపు తీసేవాడు. తిట్టేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. పొరుగూరి మనిషికి వంగినట్టు తల వంచి, "మీకెందుకండీ శ్రమ" అనేవాడు. అని, తలుపు మెల్లిగా వేసేసేవాడు.

గెంజో కాసేపు ఆ తలుపు ముందు నిలబడేవాడు. భుజాల మీద మంచు పడుతుండేది. దులుపుకునేవాడు కాదు.

ఏంటమ్మడూ? మళ్ళీ ఎప్పుడూ అన్నయ్యా అనలేదా అంటావా?

లేదమ్మా. అనలేదు.

కథేమో కంచికి,
చలేమో మంచుకి,
నువ్వూ నేనూ ఇంటికి.