గుర్రాల దాణా, పండితుడి విందు

కాటయరాజుకు గుర్రాలంటే ప్రాణం. ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఉడికించిన ఉలవల దాణా తెల్లారేసరికి బూజెక్కేది. అది తిన్న గుర్రాలు కడుపునొప్పితో నేలమీద పొర్లాడేవి. పట్టపుగుర్రమైతే మేత ముట్టడమే మానేసింది.

రాజు సభలో మండిపడ్డాడు.

"దాణా చెడకుండా చేసినవాడికి నా చేతి కంకణం! చేస్తానని చెప్పి చేయలేనివాడు గుర్రపుసాలలో లద్దె ఎత్తాలి!"

ఆస్థాన వైద్యుడు అహోబల పండితుడు తన దాణా కుండ చుట్టూ సాంబ్రాణి పొగ వేయించి శ్లోకాలు చదివాడు. హాస్యగాడు ముమ్మడన్న తన కుండలో కొలత చూసి నిమ్మరసం పిండి, కలిపి, మూత పెట్టాడు.

మర్నాడు రెండూ తెరిచారు. పండితుడి దాణా మీద బూజు పిల్లిబొచ్చులా లేచింది. ముమ్మడన్న దాణా నిగనిగలాడుతోంది.

"చెడకపోతే చాలా?" పండితుడు గొంతు పెంచాడు. "రాగిచెంబునే తినేసే పులుపు ప్రభూ! గుర్రం పేగుల్ని ఉంచుతుందా? ఇది విషం!"

"మరీ ఎక్కువ పోస్తే గుర్రమే మూతి తిప్పుకుంటుంది," అన్నాడు ముమ్మడన్న. "దానికి మనకున్న మొహమాటం లేదు."

రాజుకు ఎటూ తేలలేదు. "భోజనాలయ్యాక చూద్దాం," అని లేచాడు.

ముమ్మడన్న పండితుడి చెయ్యి పట్టుకున్నాడు. "కోపాలు తర్వాత. ముందు మా ఇంట్లో ఎంగిలిపడండి."

విస్తరి ముందు కూర్చోగానే పండితుడు పగ మరిచాడు. వేడివేడి అన్నం, చిక్కటి ఉలవచారు, పైన మీగడ. "ఇంకాస్త! ఇంకాస్త!" అంటూ వేయించుకుని, చివరికి దొన్నె కూడా నాకాడు.

మళ్లీ సభ తీరింది.

"ప్రభూ, పండితులవారి కడుపెలా ఉందో అడగండి," అన్నాడు ముమ్మడన్న.

"దివ్యంగా ఉంది! వీడి మాటకేం గానీ, వీడింటి చారు అమృతం!" పండితుడు బొజ్జ నిమురుకున్నాడు.

"ఆ చారు కాచింది పొద్దున మీరు విషమన్న కుండలోని ఉలవలతోనే."

పండితుడి చెయ్యి బొజ్జమీదే ఆగిపోయింది. "ఓరి దుర్మార్గుడా! నాకు గుర్రపు దాణా పెట్టావా?"

"విషమైతే, దొన్నె నాకిన వైద్యుణ్ణి ఎవరు నమ్ముతారు? అమృతమైతే, గుర్రాల నోరెందుకు కొడతారు?"

సభ గొల్లుమంది. రాజు పట్టపుగుర్రం ముందు ఆ దాణా పెట్టించాడు. అది వాసన చూసి, మూతి పెట్టి, తొట్టి ఖాళీ చేసేదాకా తలెత్తలేదు.

రాజు కంకణం తీసి ముమ్మడన్న చేతికి తొడిగాడు. పండితుడికి చీపురు చూపించాడు. తర్వాత ముమ్మడన్న దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు:

"ఆ చారు ఇంకేమైనా మిగిలిందా?"

"గుర్రాన్ని అడగాలి ప్రభూ!"