కొత్త సెన్సార్ చెప్పిన మాట

పుండరీకాక్షయ్య గారిని ప్రశ్న అడగబోయినవాళ్ళకు జవాబుకన్నా ముందు పని దొరికేది. చిక్కుళ్ళు ఒలవమనేవారు, ఊగుతున్న బల్లకు మేకు కొట్టమనేవారు. పని ముగిసేలోపు అడిగినవాడి ప్రశ్నే మారిపోయేదని ఆయన శిష్యులు చెప్పుకుంటారు. ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో పనిచేసి ఫోర్‌మన్‌గా దిగిపోయిన మనిషి. వేదాంతం తండ్రి దగ్గర నేర్చుకున్నారు, ఇంజను డిపోలో నేర్చుకున్నారు. రెండింటికీ మధ్య గోడ ఉన్నట్టు ఆయన ఎప్పుడూ ప్రవర్తించలేదు. కొండచేరు ఊరి చివర, ఆయన ఇంటి ముందున్న రేకుల పంచలో ప్రతి ఆదివారం పాఠం జరిగేది.

అక్కడికి ఏడేళ్ళుగా వస్తున్నవాడు కోదండపాణి. దగ్గరలోని పాల సంఘానికి మేనేజరు. యాభై దాటినవాడు, మాట ఇస్తే తప్పనివాడు, కాకపోతే తొందర మనిషి. ఒక ఆదివారం పాఠమయ్యాక అందరూ లేచి వెళ్ళినా అతను కదల్లేదు.

"స్వామీ, ఎప్పుడూ లోపాలే ఎంచే మనిషిని దగ్గర పెట్టుకుని ఓర్చుకోవడం ధర్మమా? దూరంగా పంపేసి నలుగురికీ మనశ్శాంతి కలిగించడం ధర్మమా?"

అడగడమైతే పాఠంలో సందేహంలాగే అడిగాడు. కానీ ఆ మనిషికి పేరుంది. మెహరున్నీసా అని, సంఘంలో పాలు పరీక్ష చేసే ఆవిడ. పనిలో చేరినప్పటినుంచీ వారానికి మూడు రోజులు ఆవిడ ఒకటే రాస్తోంది: పెద్ద తొట్టిలో రాత్రంతా నిలవున్న పాలు తెల్లారేసరికి పులుపెక్కుతున్నాయి, బయటికి పంపరాదు. పాలు పారబోసిన రోజున రైతులు గేటు దగ్గర గొడవకు దిగుతారు. అధ్యక్షుడు ఫోన్ చేసి, ఆవిడకు చేత కాకపోతే చేతనైనవాళ్ళను పెట్టుకో అంటాడు. రెండుసార్లు కోదండపాణి ఆవిడ వద్దన్న పాలనే హాస్టళ్ళకు పంపించాడు. ఎవరూ వచ్చి అడగలేదు. ఆవిడను కొండ అవతలి కేంద్రానికి మార్చే కాగితం టైపై అతని సంచిలోనే ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

కాగితం సంగతితో సహా అతను చెప్పినదంతా పుండరీకాక్షయ్య గారు విన్నారు. విని, "పొద్దున కారుకు ఏదో సామాను తెచ్చానన్నావే, అది తియ్యి," అన్నారు.

కోదండపాణి కారు తొమ్మిదేళ్ళ పాతది. నెల రోజులుగా స్టీరింగు వెనక ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం ఆరడం లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. మెకానిక్ షాపుకు పోకుండా అతనే ఒక చిన్న పరికరం తెప్పించి కారుకు తగిలిస్తే, ఫోన్లో ఆక్సిజన్ సెన్సార్ పేరు కనబడింది. ఇంజను వదిలే పొగలో ఎంత గాలి మిగిలిందో చూసి చెప్పే పరికరమది. అది చెప్పినదాన్నిబట్టే ఇంజనుకు పెట్రోలు అందుతుంది. పొగలో గాలి మరీ ఎక్కువగా ఉందని అది చెబుతోంది. సెన్సార్ పోయిందనుకుని అతను కొత్తది కొన్నాడు.

"అది తప్పు చెబుతోందని ఎట్లా తెలిసింది నీకు?" అన్నారు గురువుగారు.

"దీపం వెలుగుతోంది కదా స్వామీ."

ఆయన పంచె ఎగగట్టి, పనిముట్ల పెట్టె తెచ్చి పెట్టారు.

ఆ సెన్సార్ ఉన్న చోటు మనిషి చెయ్యి దూరడానికి చేసిన చోటు కాదు. ఇంజను వెనక వైపు, డ్రైవరు కాళ్ళ ముందుండే ఇనుప గోడకూ పొగ గొట్టానికీ మధ్య జానెడు సందు. పైనుంచి చూస్తే కనపడదు, కిందనుంచి చూస్తే సగం కనబడుతుంది. వేడికి అడ్డంగా పెట్టిన రేకు ముందు విప్పాలి. దాని మూడు బోల్టులు విప్పడానికే గంట పట్టింది. తర్వాత కోదండపాణి ఎత్తిన బోనెట్టు కింద ఇంజను మీదికి బోర్లా వంగి, కుడి చెయ్యి భుజం దాకా లోపలికి దింపి, తడుముకుంటూ సెన్సార్‌ను పట్టుకున్నాడు. తుప్పు నూనె కొట్టి అరగంట ఆగారు. స్పానరు వేస్తే జారింది. మళ్ళీ వేస్తే ముంజేతి చర్మం రేకు అంచుకు చీరుకుంది. సెన్సార్ తలమీదినుంచి వైరు వస్తుంది కాబట్టి రింగు స్పానరు దానికి ఎక్కదు.

"పక్కన చీలిక ఉన్న సాకెట్ ఒకటి ఉంటుంది. వైరు ఆ చీలికలోంచి పోతుంది. డిపోలో అడిగి రేపు తెప్పిస్తాను," అన్నారు పుండరీకాక్షయ్య గారు.

"ఎట్లాగూ పారేసేదే కదా స్వామీ," అని కోదండపాణి కటింగ్ ప్లయరు తీసుకుని వైరు కోసేశాడు.

రింగు స్పానరు చక్కగా దిగింది. స్పానరు పిడికి పొడుగాటి గొట్టం తొడిగి బలమంతా పెట్టి లాగితే, తుప్పు కిర్రుమని, మర విడింది. కొత్తది బిగించి, రేకు కట్టేసరికి మధ్యాహ్నం మూడైంది. పరికరం తగిలించి, కారు దాచుకున్న పాత లోపం గుర్తు చెరిపేశాడు. కారు స్టార్ట్ చేస్తే దీపం వెలగలేదు. కోదండపాణికి ఒళ్ళంతా నొప్పులైనా ప్రాణం తేలికపడింది. తన ప్రశ్నకు కూడా జవాబు వచ్చేసిందనిపించింది. పనిచేయనిదాన్ని తీసెయ్యడం ఎంత కష్టమైనా తీసేయాల్సిందే, గురువుగారు చూపించింది అదే అనుకున్నాడు. అట్లాగే అన్నాడు కూడా. ఆయన చేతులకంటిన మడ్డి తుడుచుకుంటూ, "ఆ కాగితం మీద సంతకం మళ్ళీ ఆదివారం దాకా ఆపు," అన్నారంతే.

సోమ, మంగళవారాలు దీపం లేదు. బుధవారం భార్య హైమావతిని కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కాడు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. సగం కొండ ఎక్కేసరికి ఆవిడ కణతలు పట్టుకుంది. తల పగిలిపోతోందని, కడుపులో తిప్పుతోందని చెప్పింది. ఈ నెలలో కారెక్కినప్పుడల్లా ఇట్లాగే ఉంటోందని, ఎండ వల్ల అనుకున్నానని కూడా చెప్పింది. అతను బండి పక్కకు ఆపి ఆవిడను దింపి గాలికి కూర్చోబెట్టాడు. తిరిగి వచ్చి కారు స్టార్ట్ చేస్తే పసుపు దీపం మళ్ళీ వెలుగుతోంది.

మర్నాడు తెల్లవారుతూనే గురువుగారి ఇంటి ముందు కారు ఆపాడు. దుకాణంవాళ్ళు మోసం చేశారు స్వామీ, నకిలీ సామాను అంటగట్టారు, అన్నాడు.

"ఏం చెబుతోంది కొత్తది?"

"పాతది చెప్పిందే."

"అయితే రెండూ ఒకటే మాట చెప్పాయి. ఇంజను చల్లారనీ," అన్నారాయన.

రెండు గంటలు కూర్చున్నారు. తర్వాత ఆయన సబ్బు నీళ్ళు కలిపి, పొగ గొట్టం ఇంజనుకు కలిసే అతుకు మీద బ్రష్షుతో పూసి, స్టార్ట్ చెయ్యమన్నారు. టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు వచ్చింది. అతుకు ఒక మూల నుంచి సబ్బు బుడగలు పొంగాయి. ఆ చోట మసి నల్లగా చారకట్టి ఉంది. రెండు నిమిషాల్లో ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే చప్పుడు తగ్గిపోయింది. అతుకు మధ్య పొగ బయటపడకుండా వేసే గ్యాస్కెట్ పలక కాలి చీలింది. పొగ విడతలు విడతలుగా వస్తుంది; విడతకూ విడతకూ మధ్య ఆ సందులోంచి బయటి గాలి గొట్టంలోకి పోతోంది, సెన్సార్ ఆ గాలినే చూసి చెబుతోంది. అదే సందులోంచి విషపు పొగ బయటికి వచ్చి, ఇనుప గోడ పక్కనుంచి కారులోకి చేరుతోంది. కోదండపాణి ఇంజను ఆపేశాడు. నెల రోజులుగా హైమావతి ఆ పొగలో కూర్చుందన్నది అతనికి అప్పుడు తట్టింది.

ఆ కారు అక్కడే వదిలేసి బస్సెక్కాడు. ఇంటికి పోలేదు, సంఘానికి వెళ్ళాడు. మెహరున్నీసా గదిలో గాజు గొట్టాలు కడుగుతోంది. మేనేజరు ఆ గదిలోకి ఎప్పుడూ రాడు. ఆవిడ తడి చేతులతోనే లేచి నిలబడింది.

"మీరు రాసేది నాకోసారి చూపిస్తారా అమ్మా?"

ఆవిడ అతని ముఖంలోకి చూసింది, ఇది వెటకారమా అన్నట్టు. కాదని తెలిశాక ఒక పొడుగాటి థర్మామీటరు తీసుకుని తొట్టి గదిలోకి నడిచింది. తొట్టి బయట బిగించిన మీటరులో ముల్లు, పాలు చెడకుండా ఉండాల్సిన నాలుగు డిగ్రీల దగ్గరే ఉంది. ఆవిడ మూత ఎత్తి థర్మామీటరు పాలలో ముంచి పట్టుకుంది. తొమ్మిదిన్నర చూపించింది.

"మీటరు పాడైంది సార్. చల్లబరిచే మిషను కూడా రాత్రిళ్ళు ఆగిపోతోంది, వాచ్‌మన్‌ను అడిగాను. రాసి పెట్టాను కదా."

"పులుపెక్కిందనే చదివాను. ఇది చదవలేదు."

"రెండో పేజీలో ఉంటుంది సార్." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. బీరువాలోంచి ఒక పాత నోటుబుక్కు తీసి అతని ముందు పెట్టింది. "నేనే కాదు, ఇది నాకు ముందున్నాయన రాసింది. చేరిన రోజున చదివాను. అందుకే నేను లోపల ముంచి చూశాను."

గుండ్రటి దస్తూరీ. తొట్టి పాలు, పులుపు, మీటరు అనుమానం. ప్రతి పేజీ కింద ఓబులేసు అని సంతకం. కోదండపాణికి ఆయన గుర్తొచ్చాడు. మెత్తటి మనిషి, మాట్లాడేటప్పుడు కళ్ళు దించుకునేవాడు. పోయిన ఏడాది ఆయన్ను కొండ అవతలి కేంద్రానికి మార్చినది తనే. మూడు నెలల తర్వాత ఆయన పని మానేసి సొంత ఊరికి వెళ్ళిపోయాడని ఎవరో అంటే, పోనీలే అనుకున్నాడు.

ఆ సాయంత్రమే మిషను బాగుచేసేవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు వచ్చేదాకా, అధ్యక్షుడు ఎంత కేకలేసినా, తొట్టి పాలు గడప దాటనివ్వలేదు. హాస్టళ్ళకు తానే వెళ్ళి అడిగాడు. ఒకచోట ఆ పాలు వెళ్ళిన వారంలో పదకొండు మంది పిల్లలు వాంతులతో పడుకున్నారని వార్డెన్ చెప్పాడు. బయటి తిండి తిన్నారనుకున్నామని కూడా చెప్పాడు. కోదండపాణి ఆ పాల సంగతి ఆయనకు దాచలేదు. తిట్లు తిన్నాడు. సంచిలోని కాగితం చించేశాడు.

ఆదివారం పాఠానికి వచ్చేసరికి పంచ ముందు కారు సిద్ధంగా ఉంది. కాలిన పలక స్థానంలో కొత్తది వేయించి, పుండరీకాక్షయ్య గారే దాన్ని రెండు రోజులు నడిపి చూశారు. పాఠమయ్యాక కోదండపాణి ఈ వారం జరిగినదంతా చెప్పాడు. ఓబులేసు నోటుబుక్కు గురించి చివర్న చెప్పాడు.

"మెహరున్నీసమ్మను మార్చలేదు స్వామీ, ఆ తప్పు తప్పింది. ఓబులేసు విషయం మాత్రం చేయి దాటిపోయింది. ఆయన ఉద్యోగమే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు చెయ్యగలిగిందేముంది?"

గురువుగారు చాప చుడుతున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"ఆయన ఊరు ఎంత దూరం?"

"అరవై కిలోమీటర్లు ఉంటుంది స్వామీ."

ఆయన చాప గోడకు ఆనించి, మొలలోంచి తాళం చెవి తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"కారు బాగైంది కదా."